వెంట్రుకవాసి

గోనెసంచి విప్పితే ముందు వాసనొచ్చింది,
ఎలక మూత్రం, పాత గ్రీజు,
ఆ రెంటికీ అడుగున ఎప్పటిదో మందు కంపు.
తరవాత ఇనుము కనబడ్డది.
ఆకుపచ్చ పెయింటు పెచ్చులూడి
పెద్ద చేతి మీద విలాయితి అక్షరాలు సగం.
"తూటాలు కట్టే ప్రెస్సు మాస్టారూ,
మా తాత కాలందీ" అన్నాడు బిసోయీల ప్రద్యుమ్న,
తెలుగులో మొదలెట్టి ఒడియాలో ముగిస్తూ,
పర్లాకిమిడిలో మేమందరం మాట్లాడినట్టే.

ఆ పాత తుపాకీ ఇప్పుడు లేదు.
దాని లావు తూటా ఎవరూ చెయ్యడం లేదంట.
ఇక మీదట ఇది బరంపురం రైఫిల్ క్లబ్బుకి,
సన్న తూటాకి,
కాగితం మీద గుండ్రాలు కొట్టడానికి.
కలెక్టరు ముద్రున్న ఉత్తరం చూపించాడు.
రెండుసార్లు చదివి, నకలు తీయించి,
లేతు వెనక విశ్వకర్మ పటానికి గుచ్చాను.
మందుతో నాకు పని లేదు.
నాది ఇనుము వరకే.

మూడు రోజులు కిరసనాయిల్లో నానబెట్టాను.
పాత తూటా గుల్ల ఒకటి, కొత్తది ఒకటి
బల్ల మీద పక్కపక్కన నిలబెట్టాను,
మామా అల్లుళ్ళు ఫొటోకి నించున్నట్టు.
మడమ కొలత వేరు, మెడ కొలత వేరు.
పట్టుకునే గిన్నె కొత్తది తిప్పాలి,
పై రంధ్రంలో సన్నటి తొడుగు కూర్చాలి.
విరిగిన పిడికి మాత్రం
కొమ్ముపని మహారణా దగ్గర గేదెకొమ్ము ముక్క అడిగి తెచ్చాను,
నల్లగా, చేతికి వెచ్చగా.

పై రంధ్రంలో అప్పటికే ఒక బుష్షుంది.
విలాయితిది కాదు. మన ఊరి ఇత్తడి.
తట్టి ఊడదీసి తిరగేస్తే
అంచున మూడు గాట్లు, ఒకటి వంకర.
మా నాన్న ఆకురాయి గుర్తు.

నాన్న, పొట్నూరు సింహాద్రాచారి,
చిన్న రైలు ఇంజనుకి పిస్టను రింగేసినోడు,
"నా చేత్తో తిప్పింది గుండ్రం కాకపోతే
సూరీడూ గుండ్రం కాదురా" అని
తాగినా అనేవాడు, తాగకపోయినా అనేవాడు.
నేను తప్పు తిప్పితే ఆ ముక్క నా లాగు జేబులో వేసి
సాయంత్రం దాకా మొయ్యమనేవాడు.

వెర్నియరు పెట్టాను.
కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ పెట్టాను.
డయల్ గేజీ తెచ్చి ముల్లు చూశాను.
ముల్లు ఊగింది.
వెంట్రుకవాసి. అంతే.
నడిమధ్య నడిమధ్యలో లేదు.

ప్రద్యుమ్న టీ తాగుతూ చెప్పిన కథ అప్పుడు గుర్తొచ్చింది.
వాళ్ళ తాతది పేరున్న గురి. ఒక ఏటినుంచి
ఉన్నట్టుండి తప్పడం మొదలెట్టిందంట.
సెరంగో కొండల్లో పంది ఎదురుగా నించుంది, తప్పింది.
కణుజు నీళ్ళు తాగుతూ ఉంది, తప్పింది.
మహేంద్రగిరి దేవుడు కంట్లో వేలు పెట్టాడని
తుపాకీ గోడకి తగిలించి, మాంసం మానేసి,
పోయేదాకా చీమలకి పంచదార పోశాడంట.
కార్తీకంలో ఇప్పటికీ ఆ ఇంట్లో
ఆయన మాటే చెప్పుకుంటారు.

కన్ను కాదు. దేవుడు కాదు.
మరమ్మతు.

ముందు నవ్వొచ్చింది. తరవాత రాలేదు.
ఏ రోజు తిప్పాడో దీన్ని?
చెల్లికి జొరమొచ్చిన రోజా,
బాకీవాడు గుమ్మంలో కూర్చున్న రోజా,
లేక చేతులు బాగానే ఉండి, వెలుతురూ బాగానే ఉండి
ఊరికే తప్పిందా?
ఆ వెంట్రుక సందులో
ఎన్ని పందులు పిల్లల్ని పెట్టాయో.
ఆ పిల్లలు ఎవరి కొండపోడు తిన్నాయో,
రాత్రిళ్ళు మంచె మీద సవర ముసలాడు
ఎవర్ని తిట్టుకున్నాడో.
ఈ లెక్క నా గేజీకి అందదు.

కొత్త తొడుగు నాలుగుసార్లు తిప్పాను.
నాలుగోసారి ముల్లు కదల్లేదు.
కాగితానికి ప్రాణం లేదు కదా, తిన్నగానే ఉండనీ.
ఖాళీ గుల్ల గిన్నెలో నిలబెట్టి
కొమ్ముపిడి పట్టి కిందకి నొక్కితే
నూనెలో గరిటె దిగినట్టు దిగింది.

డబ్బులు లెక్కపెడుతూ అడిగాడు ప్రద్యుమ్న,
"పాత ఇత్తడి ముక్క ఏం చేశారు మాస్టారూ?"
"అరిగిపోయింది బాబూ, పనికిరాదు" అన్నాను.

అది నా జేబులో ఉంది.
సాయంత్రం ఇంకా కాలేదు.